రచ్చ గెలిచి యింట గెలువని లినక్సు

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుదురు. ఈ క్రమమును తలక్రిందు చేసి, ముందుగా రచ్చ గెలిచి, ముప్పది యేండ్లు దాటినను ఇంట గెలువలేక గడప కవతలనే నిలిచియున్న విజేత యొకడు గలడు. ఆ విజేత పేరు లినక్సు. కంప్యూటరును నడపించు మూలయంత్రాంగమునకు, అనగా ఆపరేటింగు సిస్టమునకు, మన యిండ్లలోను కార్యాలయములలోను విండోసు అనునదే పర్యాయపదమై పోయినది. దానికి బదులుగా నెవ్వరైనను ఉచితముగా గ్రహించి, పరీక్షించి, మార్చుకొని, పదిమందికి పంచిపెట్టగల వ్యవస్థ యొకటి కలదని యెఱిగినవారు కొందఱు; ఎఱిగి వాడిచూచినవారు మఱికొందఱు; వాడిచూచి, విసిగి, విడిచినవారు పెక్కండ్రు. ఈ మూడవ తెగవారిని గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

లినక్సు రచ్చ గెలిచినదనుట అతిశయోక్తి కాదు. 1983లో అమెరికా దేశమున రిచర్డు స్టాల్‌మన్ గారు గ్నూ అను పేర స్వేచ్ఛాసాఫ్టువేరు నిర్మాణమునకు సంకల్పము చెప్పిరి. 1991 ఆగస్టులో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచున్న లైనస్ టోర్వాల్డ్సు, ఇరువదియొక్క యేండ్ల యువకుడు, తాను వినోదార్థము వ్రాయుచున్న కెర్నెలును, అనగా యంత్రాంగపు హృదయభాగమును, లోకమునకు ప్రకటించెను. ఈ రెండును కలిసి పెరిగిన వృక్షమే నేటి లినక్సు. 2017 నవంబరు మొదలు ప్రపంచమునందలి మహావేగము గల 500 కంప్యూటర్ల పట్టికలో ప్రతి యొక్కటియు లినక్సుతోనే నడచుచున్నది. మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనునకు ఆధారమైనది ఆ కెర్నెలే. ఇంతటి ఖ్యాతి గలిగియు, బల్లమీది కంప్యూటర్ల యందు దాని పాలు నూటికి నాలుగు దాటుట 2024లో మాత్రమే తొలిసారి జరిగినదని, వాడుక లెక్కలు కట్టు స్టాట్‌కౌంటరు వారి గణనము చెప్పుచున్నది.

ఈ విషయము నిప్పుడే ప్రస్తావించుటకు కారణము గలదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10నకు మైక్రోసాఫ్టు వారి సాధారణ భద్రతాసవరణలు ముగిసినవి. కొన్ని షరతులపై కొంతకాలము పొడిగింపు నేర్పఱచినను, అది శాశ్వతోపాయము కాదు. విండోసు 11 కోరు ప్రాసెసరును, భద్రతాచిప్పును లేని పాత యంత్రములు ఎన్నియో గలవు. వానిలో లోపమేమియు లేదు, పనిచేయుచునే యున్నవి. బియ్యపుమిల్లులోని లెక్కల గదిలోను, ప్లీడరుగారి గుమాస్తా బల్లమీదను, పల్లెటూరి పాఠశాలలోను ఉన్న యిట్టి యంత్రములను పాతసామానులవానికి తూచి యిచ్చుట యొక దారి. సవరణలు లేని విండోసుతో ప్రమాదమున కొడిగట్టుట రెండవ దారి. లినక్సును ప్రవేశపెట్టుట మూడవ దారి. ఈ మూడవది ధర్మమును, పొదుపును రెండును గల దారి. అయినను జనులా దారిన నడువక మొదటి రెంటినే యేల పట్టుచున్నారు? వెళ్లినవారు సగము దూరము పోయి యేల తిరిగి వచ్చుచున్నారు?

మా మిత్రులొకరు భూవసతి గల పెద్దమనిషి, అక్షరజ్ఞులు, ఉత్తరప్రత్యుత్తరములు స్వయముగా జరుపుకొనువారు. ఇంజనీరింగు చదువుచున్న వారి మనుమడు సెలవులలో వచ్చి తాతగారి పాత కంప్యూటరునకు లినక్సు వేసెను. “తాతయ్యా, ఇందులో మాటలను మౌసుతో గుర్తించిన చాలును, అంతట నవియే యెత్తబడును. కావలసిన చోట మౌసు నడిమి బొత్తము నొక్కినచో నక్కడ పడును” అని యొక సులువును నేర్పి పోయెను. మఱునాడు తహసీలుదారు గారికి పంపవలసిన అర్జీలో పాత వాక్యమును తొలగించి క్రొత్తదానిని చేర్చవలసి వచ్చినది. పెద్దాయన క్రొత్త వాక్యమును గుర్తించిరి. అర్జీలోనికి వచ్చి, తొలగింపవలసిన పాత వాక్యమును గుర్తించిరి. నడిమి బొత్తము నొక్కిరి. పడినది పాత వాక్యమే! ఏలయన, రెండవమాఱు గుర్తించుటతోనే మొదట నెత్తినది జారిపోయి, ఆ స్థానమున పాతదే నిలిచినది. నాలుగుమాఱులు చేసిరి, నాలుగుమాఱులును అంతే. అటుపై ప్రింటరును కుదుర్చుటకు మనుమడు ఫోనులో చెప్పిన ఆజ్ఞను నల్లని తెఱలో నిచ్చి, అది పనిచేయుచుండగా తెఱపై గనబడిన వరుసను ప్రతి తీసికొనవలెనని, విండోసులో నలవాటైన రీతిని కంట్రోలు మీటతో సి మీటను కలిపి నొక్కిరి. జరుగుచున్న పని నడుమనే ఆగిపోయినది. ఆ నల్లతెఱలో ఆ మీటల కర్థము ప్రతి తీయుట కాదు, పనిని ఆపివేయుట!

పెద్దాయన మనుమనితో నన్న మాట మాకు నేటికిని చెవులలో మ్రోగుచున్నది: “ఓరీ, నీ స్వేచ్ఛ నీకే యుండనీ. నా పాత దాస్యమే నాకు సుఖము.” సవరణలు నిలిచిపోయిన ఆ పాత విండోసే మరల ఆ యంత్రము నెక్కినది. దానిమీదనే వారి బ్యాంకు వ్యవహారములును జరుగుచున్నవి.

ఈ చిక్కు ఆ పెద్దాయన తెలివితక్కువ వలన గలిగినది కాదు. దీనికి నలువదేండ్ల చరిత్ర గలదు. లినక్సు తెఱకు చిరకాలము ఆధారమైన ఎక్సు అను కిటికీల వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున పుట్టినది. అందు గుర్తించిన మాత్రమున నెత్తుకొను సంచి యొకటి. ఆజ్ఞ యిచ్చినగాని యెత్తుకొనని సంచి మఱియొకటి. రెండును పక్కపక్కనే యున్నను ఒకదానిలోని సరకు రెండవదానిలో నుండదు. ఈ సంగతిని తెఱమీద నెచ్చటను చెప్పరు. తెలిసినవారి కిది సౌకర్యము. తెలియనివారి కిది గారడీ. నల్లతెఱలో కంట్రోలు, సి మీటల యర్థము మఱింత ప్రాచీనము. ప్రతి తీయుట కాపని వాడుకలోనికి రాకపూర్వమే యది స్థిరపడినది. దేనికది న్యాయమే. అన్నియు నొకచోట గుమిగూడినప్పుడు మాత్రము క్రొత్తవానికి అన్యాయము జరుగుచున్నది.

చిన్నచిన్న లోపములు దీర్ఘాయుష్మంతములగుటయు నిచ్చటి విశేషము. ఒక్క నిదర్శనము చాలును. ఛాయాచిత్రము నొకదానిని ఉత్తరమునకు జతపఱుపవలెనన్న, ఫైలును ఎంచుకొను చిన్నకిటికీ తెఱచుకొనును. అందు ఫైళ్ల పేళ్లకు బదులు బొమ్మల చిన్నరూపములు వరుసగా కనబడవలెనని యెవ్వరైన కోరుదురు. కెమెరా పెట్టిన అంకెల పేళ్లనుబట్టి యేది పెండ్లిఫోటోయో యేది పొలము ఫోటోయో యెవ్వరు చెప్పగలరు? గ్నోము అను ప్రసిద్ధ లినక్సు డెస్కుటాపు నిర్మాతలకు ఈ లోపమును గూర్చిన ఫిర్యాదు 2004లో చేరినది. చిన్నరూపముల వరుస గల కిటికీ జనులకు అందినది 2023 మార్చిలో, గ్నోము 44వ కూర్పుతో. ఫిర్యాదు వ్రాయబడిన నాడు పుట్టిన శిశువు ఈలోపల కళాశాలలో చేరెను! నడుమ నెవ్వరును సోమరులై కూర్చుండలేదు. ఎన్నో క్రొత్త హంగులు వచ్చినవి. ఈ పని మాత్రము ఎవ్వరి దనియు నేర్పడలేదు.

చిన్నలోపములు చిరంజీవులుగా నుండగా, పెద్ద సౌకర్యములు మాత్రము క్షణభంగురములైనవి. 2008 జనవరిలో కె.డి.ఈ. అను డెస్కుటాపు వారు 4.0 కూర్పును ప్రకటించిరి. అది సంపూర్ణముగా కుదురుకొనకమున్నే వచ్చుటచే, పాత మూడవ కూర్పులో సుఖముగా నున్నవారు కకావికలైరి. 2011 ఏప్రిలులో గ్నోము వారు తమ మూడవ కూర్పును తెచ్చిరి. కిటికీని క్రిందికి దించు బొత్తమును తొలగించిరి. కంప్యూటరు నాపుట యను నిత్యకృత్యము సైతము ఆల్టు మీటను పట్టుకొనినగాని మెనూలో కనబడకుండెను. దీపము నార్పుటకు మీట యెక్కడనో దాచిన యింటిలో నెవ్వరు కాపురముందురు? తరువాత దీనిని సవరించిరి, నిజమే. అదే యేట ఉబుంటు అను లినక్సు పంపకమువారు యూనిటీ యను వేఱొక ముఖద్వారమును అందఱకును ప్రధానము చేసిరి. ఆఱేండ్లు జనుల నందు అలవాటుపఱచి, 2017లో దానిని విడనాడి మరల గ్నోమునకే వచ్చిరి. లినక్సు జనకుడైన టోర్వాల్డ్సే కె.డి.ఈ. 4.0 తాకిడికి గ్నోమునకును, గ్నోము మూడవ కూర్పు తాకిడికి ఎక్స్‌ఎఫ్‌సీఈ యను చిన్న డెస్కుటాపునకును వలసపోయి, కొంతకాలమునకు మరల గ్నోమును చేరెను. ఇల్లు కట్టినవాడే కాందిశీకుడు కాగా అద్దెకున్నవాని గతి యేమని చెప్పుదుము!

మైక్రోసాఫ్టువారు తప్పులు చేయలేదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. చేసిరి. 2012లో విండోసు 8నందు స్టార్టు బొత్తమును తీసివేసిరి. వాడుకరులు గగ్గోలు చేసిరి. మఱుసటి యేడే బొత్తమును, 2015లో విండోసు 10తో మెనూను మరల నిచ్చిరి. ఇందు వారి సౌజన్యము కంటె కాసుల గలగలయే యెక్కువగా పనిచేసినది. కొనువాడు అలిగినచో అమ్మువాడు దిగివచ్చును. ఉచితముగా నిచ్చువానిపై అలుగుట కెవ్వరికిని నోరు రాదు. అలిగినను “మూలము నీ యెదుటనే యున్నది, నీవే దిద్దుకొనుము” అను సమాధానము సిద్ధముగా నుండును. ఈ సమాధానము చట్టరీత్యా సత్యము. లోకవ్యవహారమున నిష్ఠురము. కంసాలి పని రానివానికి బంగారపుముద్ద నిచ్చి నగ చేసికొమ్మనుట వంటిది. దిద్దుకొను హక్కు అందఱిదియును, దిద్దుకొను శక్తి వేయింట నొక్కనిదియు నగుచో, ఆ స్వేచ్ఛ పండితుల యగ్రహారముగానే మిగులును.

మూలకారణ మిదియే. లినక్సును నిర్మించినవారు ప్రధానముగా దానిని తమకొఱకు తాము నిర్మించుకొనిరి. సర్వరులను నడపువారు, పరిశోధకులు తమకు గుచ్చుకొన్న ముల్లును తామే తీసికొనగలిగిరి. కావున నచ్చట విజయము సంపూర్ణమైనది. తహసీలుదారునకు అర్జీ వ్రాయువాని కాలిలోని ముల్లు వారి కాలికి గుచ్చుకొనలేదు. దీనికి గృహకలహమును తోడైనది. 1996లో జర్మనీ విద్యార్థి మత్తియాస్ ఎట్రిక్ కె.డి.ఈ.ని ఆరంభించెను. దానికి ఆధారమైన క్యూటీ యను పరికరసముదాయపు లైసెన్సు అప్పటికి సంపూర్ణస్వేచ్ఛ గలది కాదు. ఆ హేతువు చేతనే 1997లో మెక్సికో యువకులు మిగుయెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమును మొదలిడిరి. 2000లో క్యూటీయు స్వేచ్ఛా లైసెన్సు క్రిందికి వచ్చినది. కలహకారణము తీఱినది, వేఱు కాపురములు మాత్రము నిలిచినవి. ఒకరి యప్లికేషను మఱియొకరి యింటికి పోయినచో వేషము వేఱు, మెనూ వేఱు, ఫైలు కిటికీ వేఱు. గ్నోమునకు ఇతరులు వ్రాయు చిన్నచిన్న పొడిగింపులు సైతము ఆఱునెలల కొకమాఱు వచ్చు క్రొత్త కూర్పుతో తఱచుగా మూలబడుచున్నవి.

లినక్సు సామాన్యులకు పనికిరాదను వాదమునకు ఆధారము లేదు. ఎవ్వరైన నొకరు మొదటి బొత్తము నుండి చివరి బొత్తము వఱకు బాధ్యత వహించిన ప్రతిచోట నది గెలిచినది. 2008లో వచ్చిన ఆండ్రాయిడు ఫోనును అక్షరము రాని అవ్వయు వాడుచున్నది. 2011లో వచ్చిన క్రోమ్‌బుక్కు పాఠశాలలలో ప్రవేశించినది. 2022లో వాల్వు వారు తెచ్చిన స్టీము డెక్కు అను ఆటలయంత్రమునందున్నది లినక్సు, దాని డెస్కుటాపు కె.డి.ఈ. యే. అయితే ఫోనునందు సౌకర్యమును గొనినవాడు స్వేచ్ఛలో నధికభాగమును ధరగా చెల్లించుచున్నాడు. సౌకర్యము కంపెనీలకును, స్వేచ్ఛ పండితులకును వాటాలుగా పంచబడి, సామాన్యునికి రెండును గలిసి దక్కకపోవుటయే మన విచారమునకు కారణము.

ఏమరుపాటునకు మూల్యమును జర్మనీలోని మ్యూనిక్కు నగరము చూపినది. 2003లో ఆ నగరసభ విండోసును విడిచి లినక్సును స్వీకరింప నిశ్చయించినది. 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు మాఱినవి. 2017 నవంబరులో అదే సభ మరల విండోసునకు పోవ తీర్మానించినది. ఇందు రాజకీయములు గలవని కొందఱు, నగరపు సాంకేతిక విభాగముల యవ్యవస్థయే కారణమని కొందఱు వాదించిరి. ఏది యెట్లున్నను, ఉద్యోగుల యసంతృప్తియే ఆ తిరుగుదారికి వాదముగా నుపయోగపడినది. ఇందుకు ప్రతిగా మన పొరుగున కేరళము గలదు. అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య చిరకాలముగా స్వేచ్ఛాసాఫ్టువేరుతోనే సాగుచున్నది. వారు డిస్కులు పంచి చేతులు దులుపుకొనలేదు. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి, పాఠ్యపుస్తకములను దానికి తగినట్లు వ్రాసిరి, బడికి కావలసిన సరంజామా నంతయు కూర్చి తమ పంపకమును తామే సిద్ధము చేసికొనిరి. మ్యూనిక్కులో వలె కేరళములోను కెర్నెలు ఒక్కటే. భేదమంతయు వాడువానిని చేయిపట్టి నడిపించుటలో నున్నది.

తెలుగువారి మాటకు వత్తము. 1991లో ప్రకటింపబడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరకినది. 2007లో భారతప్రభుత్వ సంస్థయగు సీడాక్ వారు బాస్ అను లినక్సును విడుదల చేసిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు మెనూలు మొదలుగా తెలుగున నుండు ఆపరేటింగు సిస్టమును రూపొందించిరి. ఇవి కృతజ్ఞతాపాత్రములైన ప్రయత్నములు. అయినను నేటికిని క్రొత్తవాడు లినక్సున తెలుగు వ్రాయబూనినచో, ఇన్‌స్క్రిప్టు పద్ధతి సెట్టింగులలో సులభముగా దొరకును గాని, ఆంగ్లాక్షరములను నొక్కి తెలుగు రప్పించు ఆర్.టి.ఎస్. పద్ధతి కావలెనన్న ఎం17ఎన్ అను విచిత్రనామము గల పొట్లమును తెచ్చుకొనవలసి వచ్చును. పిదప నొకమాఱు నిష్క్రమించి మరల ప్రవేశింపవలసియు నుండును. ఆ పేరును వినినవాడు అది తెలుగునకు సంబంధించినదని యెట్లు ఊహించును? ఇంతేకాదు. మన అచ్చుకూటములలో పేజిమేకరును, యూనికోడునకు పూర్వపు ఫాంటులును నేటికిని పాతుకొని యున్నవి. ఆ ఫాంటులతో కూర్చిన పెండ్లిపత్రికను లినక్సున తెఱచినచో తెలుగక్షరములకు బదులు అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు ప్రత్యక్షమగును. ఈ దోషము లినక్సుది కాదు. నింద మాత్రము దానికే.

దోషములను చెప్పి గుణములను చెప్పకున్న పక్షపాతమగును. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు సామాన్య వాడుకరులచే గ్నోమును వాడించి, ఎచ్చటెచ్చట తడబడిరో కనిపెట్టి నివేదిక ప్రకటించిరి. మఱుసటి యేడు వచ్చిన గ్నోము రెండవ కూర్పు, దానితోడి డెస్కుటాపు మార్గదర్శకసూత్రములు ఆ దృష్టికి ఫలములు. 2009లో ఉబుంటు వారు నూఱు కాగితపుగాట్లు అను పేర నొక పని చేపట్టిరి. కాగితపుటంచు వ్రేలిని కోసినచో ప్రాణము పోదు, గాని రోజంతయు మండును. అట్టి చిన్నబాధలను నూటిని ఏఱి తీర్చుటయే వారి సంకల్పము. నేటి లినక్సు డెస్కుటాపు పదునైదేండ్ల క్రిందటి దానికంటె ఎంతయో మెఱుగు. కరెంటుబిల్లు కట్టుకొని, ఉత్తరము వ్రాసికొని, వార్తలు చదువుకొనువానికి పాత యంత్రముపై నది నిశ్చింతగా చాలును. కావున మా మాట నిరుత్సాహపఱచుటకు కాదు.

నిర్మాతలకు మా విన్నపము స్వల్పము. వాడువాని యలవాటు ఆస్తి వంటిది. నోటీసు లేక దానిని స్వాధీనము చేసికొనకుడు. క్రొత్త మేడను కట్టుటకు ముందు పాత గుమ్మమున తగులుచున్న మేకును పీకుడు. ఏటేట మీ యెఱుకలోని ఒక పెద్దాయనను కూర్చుండబెట్టి అర్జీ యొకటి వ్రాయించి, నోరు మెదపక చూడుడు. వంద సమావేశములు నేర్పని దానిని ఆ యరగంట నేర్పును.

వాడువారికిని మాకొక విన్నపము గలదు. విసిగి విడుచుట సుకరము; విసుగును వ్రాతలో పెట్టి నిర్మాతలకు పంపుట కర్తవ్యము. ఏమి చేసితిమి, ఏమి జరుగునని తలచితిమి, ఏమి జరిగినది అను మూడు వాక్యములు చాలును. తెలుగున వ్రాయుటలో తెలుగువారి తడబాటును హెల్సింకీలోని వా డూహింపలేడు. మనము చెప్పినగాని తెలియదు. కంప్యూటరు చదువు చదివిన మన పిల్లలు ప్రతి సెలవులకును ఒక తాతగారి యంత్రమును బాగుచేసి పోవుటతో తృప్తిపడక, ఆ తాతగారు తడబడిన చోటును కాగితముపై వ్రాసికొని పోయి, మూలములోనే దిద్దుదురుగాక. అట్లు దిద్దిన ప్రతి ముల్లును ఒక్క తాతగారికి కాదు, లోకములోని తాతలందఱకును తొలగును. అదియే ఈ స్వేచ్ఛకు గల నిజమైన మహిమ.

ఆ మనుమడు వచ్చు సెలవులకు మరల వచ్చును. తాతగారి బల్లపై పాత యంత్రము ఇంకను పనిచేయుచునే యున్నది. తన దాస్యమే సుఖమనిన పెద్దాయనచే, ఈ మాఱు స్వేచ్ఛయే సుఖమనిపించు బాధ్యత నిర్మాతలదియు, ఆ మనుమనిదియు, మనదియు గూడ. రచ్చ గెలిచిన వీరునికి ఇంటి తలుపు తెఱచుటకు ఇంతకంటె మంచి ముహూర్తము దొరకదు.